వంకలో దిగిన మేడమ్

నంద్యాలలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్ల వరుస మెట్ల దాకా ఉంటుంది. చేతికి రబ్బరు పట్టీ కట్టడం, నరం వెతకడం, రక్తం తీయడం, ట్యూబు మీద పేరు రాయడం. ముఖాలు చూసే తీరిక ఉండదు. పోయిన నెలలో ఒకరోజు ఒక పెద్దామె చేయి చాపారు. సూది తీసి దూది ఒత్తాను. సాధారణంగా ఆ సమయంలో అందరూ ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఆమె తిప్పుకోలేదు.

“ఆ ట్యూబు ఒకసారి ఇట్లియ్యి పాపా” అన్నారు.

ఇచ్చాను. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, ట్యూబును మెల్లగా అటూ ఇటూ వంచి చూశారు. నాలుక కొస పెదవి మూలన ఆగి ఉంది. తన రక్తాన్ని తనే, పొలం గట్టున దొరికిన వింత పురుగును చూసినట్టు చూస్తున్నారు.

అట్లా చూసే మనిషి నాకు తెలిసి ఒక్కరే. డాక్టరు చీటీ మీద ఆమె పేరు ఉంది. అయినా ఆ పేరు చూసి గుర్తుపట్టలేకపోయాను. మాలో ఎవరమూ ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు. మాకు ఆమె సైన్స్ మేడమ్, అంతే.

నా ముఖానికి మాస్కు ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. “నేను మేడమ్” అనడానికి ఒక్క క్షణం చాలు. అనలేదు. తల వంచుకుని ట్యూబు మీద నంబరు వేశాను. పదిహేను రోజుల కింద చేసిన పరీక్షలో కిడ్నీల లెక్క ఎక్కువ వచ్చిందట, మళ్లీ చూడమని డాక్టరు రాశారు. “సాయంత్రం రిపోర్టు వస్తుంది” అన్నాను. ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయే దాకా తల ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే నేను ఎనిమిదో తరగతి చదివిన ఏడాది చెప్పాలి.

మాది ఆళ్లగడ్డ. మేడమ్ రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేవారు. చేతిలో తెల్లటి పెయింటు బకెట్టు, దానికి మూత, మూతకు మేకుతో పొడిచిన బొక్కలు. బస్టాండు నుంచి బడి దాకా ఆ బకెట్టు మోయడానికి రోజుకు ఇద్దరు ఆడపిల్లలం వంతులు వేసుకునేవాళ్లం. నా వంతు వచ్చిన మొదటి రోజు కండక్టరు బకెట్టును కిందికి అందిస్తూ విసుక్కున్నాడు.

“ఏందీ మేడమ్ ఇది, పాలా?”

“కాదప్పా, కుందూ ఏటి నీళ్లు.”

“నీళ్లా? ఆళ్లగడ్డలో నీళ్లు లేవా ఏంది?”

“ఉండాయి. అవీ ఇవీ పక్కపక్కన పెట్టి చూడాల.”

కండక్టరు ఆమెను ఎగాదిగా చూసి రైట్ రైట్ అన్నాడు. నెల తిరిగేసరికి అతనే తన సీటు పక్కన బకెట్టుకు చోటు పెట్టి, “ఈ పొద్దు ఏం పట్టుకొస్తాండావు మేడమ్?” అని మూత తీసి చూసేవాడు.

ఆమె కొప్పులో పూలు ఉండేవి కావు, పెన్సిలు ఉండేది. చేతిసంచిలో టీ జల్లెడ ఉండేది. ఆసుపత్రుల దగ్గర కడిగి తెచ్చుకున్న సెలైను సీసాలు, ఐస్‌క్రీం కప్పులు, విరిగిన గొడుగు ఊచలు, ఇవే మా ప్రయోగశాల. మేము ఏదన్నా చూసి “ఛీ” అంటే ఆమెకు కోపం వచ్చేది.

“ఛీ అంటివి కదా, అదే నోటితో ఇప్పుడు దాంట్లో ఏముందో చెప్పు” అనేవారు.

ఇంకో మాట ఉండేది. మేము ఏం చెప్పినా ముందు అదే అడిగేవారు. “చూసినావా, అనుకుంటాండావా?” నీళ్లు మంచివి మేడమ్ అంటే, చూసినావా, అనుకుంటాండావా. నత్త చచ్చిపోయింది మేడమ్ అంటే, చూసినావా, అనుకుంటాండావా. చివరికి మా ఇళ్లల్లో అమ్మలు కూర చల్లారింది అన్నా మేము అదే అడిగి తిట్లు తినేవాళ్లం.

ఒకరోజు పెద్ద ఊరగాయ సీసాలో అడుగున బడి వెనక పారే వంక మట్టి, మట్టిలో నాచు, రెండు నత్తలు, మీద వంక నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి కిటికీలో పెట్టారు. “ఇంక ఎవ్వరూ మూత తీయొద్దు. ఏం పెట్టొద్దు” అన్నారు. మేమంతా ఆ నత్తల కోసం బాధపడ్డాం. గాలి లేక చస్తాయని ఒక పిల్ల ఏడ్చింది కూడా. వారం పోయింది, నెల పోయింది. నత్తలు గాజు మీద పాకుతూనే ఉన్నాయి. పైగా జిగురు ముద్దల్లా గుడ్లు పెట్టాయి. “ఈ సీసాలో ఎవరు ఎవరికి అన్నం పెడతాండారో కనిపెట్టండి” అన్నారు మేడమ్. ఎండను నాచు తింటుందని, నాచును నత్త తింటుందని, నత్త వదిలినదాన్ని మట్టిలోవి తింటాయని, అది మళ్లీ నాచుకు చేరుతుందని మేమే తన్నుకులాడి తేల్చుకున్నాం. ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. మేము చెప్పిన తర్వాత మాత్రం, “దీంట్లో మనం ఒక్క చెంచా ఆయిలు పోస్తే ఎవరి అన్నం ముందు పోతుంది?” అని అడిగి గంట కొట్టగానే వెళ్లిపోయారు.

ఆ వంక మరీ లోతు కాదు. మేడమ్ చీర కుచ్చిళ్లు ఎగదోపి అందులో దిగేవారు. మోకాళ్ల దాకా. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. “టీచరమ్మ వంకలో ఏం పారేసుకుందో” అని నవ్వేవాళ్లు. ఆమె జల్లెడతో రాళ్ల కింద తోడి తెల్ల గిన్నెలో పోసేవారు. తూనీగ పిల్లలు నీళ్లలోనే పుట్టి పెరుగుతాయని నేను మొదట చూసింది ఆ గిన్నెలోనే. అవి ఉన్నచోట నీళ్లకు ఊపిరి ఉన్నట్టు. దారాల్లాంటి ఎర్ర పురుగులు మాత్రమే ఉంటే నీళ్లకు ఊపిరి ఆడనట్టు. వంక ఎగువన లెక్కపెడితే గిన్నెకు పది పన్నెండు తూనీగ పిల్లలు దొరికేవి. రోడ్డు పక్క మెకానిక్ షెడ్లు దాటాక ఒక్కటి కూడా లేదు. అక్కడ నీళ్ల మీద రంగులు తేలుతుండేవి. “ఇంద్రధనుస్సు, ఇంద్రధనుస్సు” అని మేము ఎగిరాం. మేడమ్ మాత్రం పుల్లతో ఆ రంగులను కదిపి చూశారు. కింద ఆ వంక కలిసే కుంటలోనే ఊరి బర్రెలు తాగేవి.

మరునాడు క్లాసులో అడిగారు. “మాడిన ఇంజిను ఆయిలు ఎవరన్నా తేగలరా?”

అందరూ నా వైపు తిరిగారు. మా నాయన లారీ మెకానిక్. ఆ షెడ్లలో మూడోది మాదే. నాయన గోళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆయిలు వాసన అంటే నాకు నాయన వాసన. నేను గర్వంగా లేచి నిలబడి, మరునాడు సీసా నిండా పట్టుకుపోయాను.

స్టీలు తట్టల్లో నీళ్లు పోసి, మీద చెంచాడు ఆ ఆయిలు వేసి, “ఇప్పుడు తీయండి” అన్నారు మేడమ్. ఒక జట్టుకు దూది, ఒక జట్టుకు కొబ్బరి పీచు, ఒక జట్టుకు శనక్కాయ పొట్టు, ఇంకో జట్టుకు క్షౌరం షాపు నుంచి సంచిలో తెచ్చిన వెంట్రుకలు. మొదట ఆ వెంట్రుకలు ముట్టుకోవడానికే మాకు వెగటు. కానీ అన్నిటికంటే అవే ఎక్కువ ఆయిలు పట్టుకున్నాయి. తలకు నూనె ఎందుకు అంటుకుంటుందో ఆరోజు మాకు కొత్తగా తెలిసినట్టయింది. చివరి జట్టుకు సబ్బుపొడి ఇచ్చారు. వాళ్లు పొడి వేసి కలిపి గెలిచినట్టు అరిచారు. “మేడమ్, మాది మొత్తం పోయింది!”

“పోయిందా? యాడికి పోయింది?”

ఆమె ఆ తట్టను ఎత్తి కిటికీ దగ్గర పెట్టారు. మధ్యాహ్నానికి నీళ్లన్నీ బూడిద రంగుకు తిరిగి, అంచున జిడ్డు మళ్లీ తేలింది. “కనపడకుండా చేసేది వేరు పాపా, తీసేది వేరు” అన్నారు. తర్వాత ఒక తెల్లటి కోడి ఈకను ఆయిలులో ముంచి నా చేతికి ఇచ్చి కడగమన్నారు. ఎంత కడిగినా దాని పోగులు విడలేదు. నాకు లోపల ఎక్కడో భయం మొదలైంది అప్పుడే.

తర్వాతి వారం పాత లుంగీ గుడ్డల్లో ఆ వెంట్రుకలూ పీచూ కూరి పొడుగ్గా దిండ్లు కుట్టాం. షెడ్ల వెనక నుంచి షెడ్డుకొక మురుగు మోరీ చొప్పున నాలుగు మోరీలు వంకలోకి పడేవి. ఒక్కో మోరీ నోటి దగ్గర ఒక్కో దిండు కట్టాం. ఏది ఎక్కడిదో తెలియడానికి దిండు దారానికి ముడులు వేశారు మేడమ్. మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు, అట్లా నాలుగు దాకా. మూడు రోజుల తర్వాత విప్పి చూసి రాయాలి. నోటుబుక్కు నా చేతికి ఇచ్చారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని.

మూడో దిండు ఎత్తగానే నల్లటి ఆయిలు ధారగా కారింది. మిగతా మూడింటికి కాస్త కాస్త మరకలు. ఆడపిల్లలు దిండ్లన్నీ బకెట్టులో వేసుకుని మేడమ్ దగ్గరికి పరిగెత్తారు. మేడమ్ దూరంగా వంక దిగువన ఉన్నారు. నేను ఒక్కదాన్నే నోటుబుక్కుతో మిగిలాను. షెడ్డులోంచి మా నాయన సుత్తి చప్పుడు వినిపిస్తోంది. మూడో గడిలో “కొంచెం” అని రాశాను. నాలుగో గడిలో “చాలా ఎక్కువ” అని రాశాను.

నాలుగో షెడ్డు ట్రాక్టర్లు బాగుచేసే ఒక ముసలాయనది. మేము చాచా అనేవాళ్లం. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి.

మేడమ్ ఆ నోటుబుక్కు తీసుకుపోయి హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్‌కు చూపించారు. ఆవిడ చాచాకు కబురు పెట్టించారు, మోరీలోకి ఆయిలు వదలొద్దని. రెండో రోజు ప్రార్థన అయిపోయే వేళకు చాచా బడికి వచ్చాడు. కాలికి పిండికట్టు, చంకలో కర్ర. అందరి ముందూ మా మేడమ్‌నే అడిగాడు.

“కాలు ఇరిగి నెల్నాళ్ల నుంచి మంచం మింద పడుండా తల్లీ. షెడ్డు తాళమే తీయలా. ఆయిలు యాడ్నుంచి పోస్తా? నువ్వు చూసినావా?”

తన మాట తనకే ఎదురు వచ్చింది. మేడమ్ ముఖం తెల్లబోయింది. రెండు చేతులూ జోడించారు. “చూడలేదు చాచా. కాగితం మింద చూసి అనుకున్నా. తప్పు నాది” అన్నారు, పిల్లలందరికీ వినపడేటట్టు. టీచర్లు గుసగుసలాడారు. ఆమె నన్ను పిలవలేదు, నోటుబుక్కు అడగలేదు, నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే నాకు పెద్ద శిక్ష అయింది.

ఆ తర్వాత మా షెడ్డులో ఒక ఇనుప డ్రమ్ము వచ్చి కూర్చుంది. నాయన మాడిన ఆయిలు అంతా అందులోనే పోసేవాడు. సెంట్రింగు పలకలకు పూయడానికి మేస్త్రీలు వచ్చి పట్టుకుపోయేవాళ్లు. చాచా గొడవ చెవిన పడి నాయన తనంతట తానే మారాడనుకున్నాను. వేసవి సెలవుల తర్వాత బడి తెరిస్తే మేడమ్ లేరు. నంద్యాలకు బదిలీ అయ్యిందన్నారు. అందరి ముందు అంత అవమానం జరిగాక ఎవరు మాత్రం ఉంటారు, నా వల్లే పోయారు అనుకున్నాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ అనుకోవడం పోలేదు. ల్యాబు టెక్నీషియన్ చదివింది ఆమె వల్లే. ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఆమె ల్యాబుకు వచ్చిన రోజు మధ్యాహ్నం మెషీన్లో ఆమె లెక్క మామూలుగా వచ్చింది. నమ్మలేదు. మెషీన్ సరిచూసుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ మామూలే. కుర్చీలో కూలబడ్డాను. రిపోర్టు ఫోన్‌కు పంపితే సరిపోయేది. కానీ సాయంత్రం నాలుగు గంటలకు సెలవు అడిగి, చీటీ మీద ఉన్న చిరునామా పట్టుకుని బయల్దేరాను.

బస్టాండు వెనక వీధిలో చిన్న మిద్దె. ఆవరణలో ఇద్దరు ముగ్గురు వీధి ఆడపిల్లలు తొట్టి చుట్టూ మూగి ఏదో లెక్కపెడుతున్నారు. మేడమ్ అరుగు మీద కూర్చుని ఉన్నారు. రిపోర్టు చేతికి ఇచ్చాను.

“బాగుంది మేడమ్. రెండుసార్లు చేసినా. ఏం లేదు. ఎండలో తిరిగి నీళ్లు తాగకపోయినా ఒక్కోసారి అట్లా వస్తుంది.”

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పూర్తిగా చదివారు. చదివి లోపలికి కేకేశారు. “ఏమే కోడలా, ఆ చింతకాయ పచ్చడి జాడీ దించు! పదైదు దినాలు ఉప్పులేని కూడు తిని నాలుక చచ్చిపాయ.” అప్పుడు నా వైపు తిరిగారు. “రిపోర్టు ఇంటికి తెచ్చిచ్చే ల్యాబులు గూడా వచ్చినాయా? ఎవురు పాపా నువ్వు?”

మాస్కు తీశాను. “ఆళ్లగడ్డ మేడమ్. ఆయిలు సీసా తెచ్చిన పాపను.”

“మూడో షెడ్డు!” అన్నారు వెంటనే.

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. నోటుబుక్కు గడుల సంగతి మొత్తం చెప్పాను. నాలుగో గడిలో నేను రాసిన మాట చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు.

“తెలుసు పాపా” అన్నారు.

“తెలుసా?”

“చాచా వచ్చిపోయిన దినమే సాయంత్రం దిండ్లు తీసి చూసినా. నల్లదానికి మూడు ముడులుండె. ముందే చూడాల్సింది. చూడకుండా కాగితం నమ్మినా. అట్లనే మీ నాయన షెడ్డుకు పోయినా. ఒక తట్ట, నీళ్లు, కోడి ఈక పట్టుకుని.”

“నాయన దగ్గరికి వచ్చినారా?”

“వచ్చినా. ఆ మనిషి ఈకను ఎంతసేపు కడిగినాడో! సబ్బు పెట్టె, కిరసనాయిలు పెట్టె, పండ్లబ్రష్షు తెచ్చె. ఆఖరికి, ఇంక పొయ్యను మేడమ్, డ్రమ్ము పెట్టుకుంటా అనె. పాపను ఏం అనొద్దని, ఈ సంగతి పాపకు చెప్పొద్దని మాట తీసుకుని వచ్చినా.”

“నన్ను ఎందుకు అడగలేదు మేడమ్? తిట్టినా బాగుండేది.”

ఆవరణలో పిల్లలు పదకొండు, పన్నెండు అని అరుస్తున్నారు.

“ఏమని అడగాల? పదమూడేండ్ల పాపకు నోటుబుక్కు ఇచ్చి, మీ నాయన చేసిన తప్పు నువ్వే రాయమంటి. అది నా బుద్ధి తక్కువ. నువ్వు మీ నాయన్ని కాపాడుకుంటివి. అడిగితే బడి మానుకుంటావని భయపడినా. తొమ్మిదో తరగతిలో నిదానంగా చెబుదాంలే అనుకుంటి. అంతలో బదిలీ వచ్చె.”

“నా వల్లే కదా మేడమ్ పోయినారు?”

“నీ వల్లా?” ఆమె పగలబడి నవ్వారు. నవ్వుతుంటే దగ్గు కూడా వచ్చింది. “బదిలీకి అర్జీ పెట్టింది నువ్వు నా క్లాసుకు రాకముందే పాపా. మా పెద్దోడికి అప్పుడు ఫిట్స్ వస్తాండె. దినామూ రెండు గంటలు బస్సులో కూర్చుంటే ఇంట్లో వాన్ని ఎవురు చూడాల?” నవ్వు ఆపుకుని నా చేయి పట్టుకున్నారు. “ఇన్నేండ్లు ఇది మోస్తాండావా నువ్వు? ఎవురినన్నా ఒక్క మాట అడిగింటే పొయ్యేది కదమ్మా.”

చింతకాయ పచ్చడితో నాకూ అన్నం పెట్టారు. మొదటి ముద్దకు ఆమె కళ్లు మూసుకున్నారు. తర్వాత కుందూ గట్టు మీద వీధి పిల్లలతో తను చేసే పనులు చెప్పుకొచ్చారు. నీళ్ల మీద గుర్రపుడెక్క ఎంత తీసినా మళ్లీ అల్లుకుంటోందట. దాన్ని ఎండబెట్టి ఎరువు చేయవచ్చో లేదో చూస్తున్నారట. రంజాను సెలవుల్లో పిల్లలు ఎక్కువ వస్తారని, అప్పుడు తోడు ఉంటే బాగుండునని అన్నారు. వస్తానని చెప్పి లేచాను.

ఆటో కోసం నిలబడి నాయనకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆయన షెడ్డు మూసేసి ఇంటిపట్టునే ఉంటాడు.

“నాయనా, సైన్స్ మేడమ్ మన షెడ్డుకు వచ్చిందంట గదా, ఈక పట్టుకుని?”

“ఎవురు చెప్పినారు?”

“మేడమే. నువ్వు నాకు ఒక్క మాటన్నా చెప్పలేదే.”

“చెప్పొద్దనె. మాటిచ్చినా కదమ్మా.”

“మరి చాచా? పాపం ఆయనకు తెలుసునా?”

“తెల్లారే ఆయనింటికి పోయి చెప్పినా. కాలు పట్టుకోబోతే, ఇరిగింది ఈ కాలేరా, దాన్ని పట్టుకోవాకు అనె.” నాయన నవ్వుతున్నాడు. “నువ్వు రాసిన సంగతి గూడా అప్పుడే చెప్పినా. బిడ్డ అంటే అట్లుండాల అనె. పొయ్యేదాకా పాప ఎట్లుండాదని అడుగుతానే ఉండె కదా, నీకు గుర్తులేదా?”

గుర్తుంది. నా పెళ్లికి ఆయన బనగానపల్లె నుంచి గంపెడు మామిడి పండ్లు తెప్పించి ఇంటికి పంపాడు. ఆ పండ్లు నేను ఒక్కటి కూడా తినలేకపోయాను. ఆయన ముఖం చూడలేక, కాళ్లకు మొక్కే వేళ తల దించుకునే ఉన్నాను.

అందరికీ తెలుసు. మేడమ్‌కు, నాయనకు, చాచాకు. వాళ్లకు తెలుసని తెలియనిది నాకొక్కదానికే.

“ఏమ్మా, ఏడుస్తాండావా?” అన్నాడు నాయన.

“లేదు నాయనా” అన్నాను. నిజంగానే లేదు. ఆటో వచ్చి ఆగింది. “యాడికక్కా?” అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. నవ్వు ఆగక నేను వెంటనే చెప్పలేకపోయాను.